మా మేడమ్ ‘ఉన్నాయి’ అన్న రోజు

మా మేడమ్ పోయారన్న కబురు నాకు అందరికంటే ఆలస్యంగా అందింది. ఆ పూట నేను ఇంజెక్షన్లు నింపే గదిలో ఉన్నాను. ఆ గదిలోకి ఫోను రాదు, గడియారం రాదు, గాజులు రావు, చివరికి బొట్టు కూడా రాదు. పని ముగించుకుని బయటికొచ్చి, తెల్ల సూటు విప్పి, లాకరులోంచి ఫోన్ తీసేసరికి మా ల్యాబ్ గ్రూపులో ఆమె ఫొటో కనబడింది. దాని కింద వరసగా దండం పెట్టే చేతుల బొమ్మలు. కిష్టారెడ్డిపేటలో తన ఫ్లాటులో పొద్దున కాఫీ కలుపుకుని కుర్చీలో కూర్చున్నారట. మళ్లీ లేవలేదట. గుండె అన్నారు. కిందటేడే రిటైరయ్యారు, ఒంట్లో ఏ నలతా ఉన్నట్టు ఎవరికీ చెప్పలేదు.

ఫొటోలోని ముఖాన్ని నేను వెంటనే గుర్తుపట్టలేదు. ఈ మాట బయటివాళ్లకు వింతగా ఉండొచ్చు. మా పనిలో మనుషులు ఒకరికొకరు కళ్లుగా మాత్రమే తెలుసు. తల నుంచి కాలి దాకా తెల్లటి సూటు, ముక్కుకూ నోటికీ మాస్కు, మధ్యలో రెండు కళ్లు. మేడమ్ అయితే దుమ్ముకని రోడ్డు మీద కూడా మాస్కు తీసేవారు కారు. ఆమె నవ్వినా, కసిరినా, జాలిపడినా నేను కళ్ల చివర ముడతల్లోనే చదువుకున్నాను. సాయంత్రం వాళ్లింటికి వెళ్తే హాల్లో చాప మీద పడుకోబెట్టి ఉంచారు. కళ్లు మూసి ఉన్నాయి. ముక్కు, పెదవులు, గడ్డం మీద చిన్న పుట్టుమచ్చ అన్నీ కనబడుతున్నాయి. నాకు తెలిసిన ఆవిడ అందులో ఎక్కడున్నారో వెతుక్కుంటూ ఒక మూల నిలబడ్డాను.

మా పని గురించి కాస్త చెప్పాలి, లేకపోతే ఆవిడ అర్థం కారు. సంగారెడ్డిలో మైక్రోబయాలజీతో బీఎస్సీ చేసి, పాశమైలారంలోని ఒక మందుల ఫ్యాక్టరీలో ల్యాబ్ ట్రైనీగా చేరాను. ఆ ల్యాబుకు మేడమే పెద్ద. అక్కడ తయారయ్యే ఇంజెక్షన్లు నేరుగా మనిషి రక్తంలోకి వెళ్తాయి కాబట్టి వాటిని నింపే గదిలో ఒక్క సూక్ష్మజీవి కూడా ఉండకూడదు. ఉందో లేదో చూడటమే మా ఉద్యోగం. సూక్ష్మజీవులకు మేతగా పనికొచ్చే జెల్లీ పోసిన గాజు పళ్లేలను, మేం ప్లేట్లు అంటాం, ఆ గదిలో మూత తీసి పెడతాం. తర్వాత వాటిని ఇంక్యుబేటర్ అనే వెచ్చటి గదిలో ఉంచుతాం. గాలిలోంచి ఏదైనా దాని మీద పడి ఉంటే కొన్నాళ్లకు చుక్కగా పెరుగుతుంది. చుక్క కనబడితే ఫ్యాక్టరీ అంతటికీ పరేషాను. ఏమీ లేకపోతే పాసు. మేడమ్ ప్రతి ప్లేటునూ లైటుకు ఎదురుగా పట్టుకుని, తిప్పి చూసి, “లేవు” అనేవారు. ఉద్యోగ జీవితమంతా ఆవిడ చెప్పిన మాట అదే. ఆ మాట వినగానే మేమంతా ఊపిరి వదిలేవాళ్లం.

నింపే గదిలో ఒక నియమం ఉంది. మెల్లగా నడవాలి, మెల్లగా చేయి ఎత్తాలి, గబుక్కున తిరగకూడదు. కదలిక ఎక్కువైతే ఒంటి మీది పొట్టు గాలిలో కలుస్తుంది. ఆ తెల్లటి వెలుగులో అందరం నీళ్ల అడుగున నడుస్తున్నట్టే ఉండేవాళ్లం. కొన్నాళ్లకు నా కలల్లోనూ జనం అలాగే నడిచేవారు. మేడమ్‌కైతే ఆ నడక ఒంటికి పట్టేసింది. ముత్తంగి జంక్షన్‌లో లారీలు హారన్లు మోగిస్తుంటే రోడ్డు కూడా అలాగే దాటేవారు. “మేడమ్, జల్దీ రండ్రి, అవి ఆగవు!” అని నేను చేయి పట్టి గుంజితే, “ఆగుతాయమ్మా, వాళ్లకీ కళ్లున్నాయి” అనేవారు. నిజంగానే ఆగేవి. ఆ డ్రైవర్లు ఏమనుకునేవారో నాకు ఇప్పటికీ తెలియదు.

చేరిన కొత్తలోనే నా వేళ్ల ప్లేటు మీద చుక్క మొలిచింది. గదిలోంచి వచ్చేముందు గ్లవ్ తొడుక్కున్న వేళ్లను ఒక ప్లేటు మీద అద్ది రావాలి. నా వేలిముద్ర పడిన చోట లేత పసుపు రంగులో సజ్జగింజంత చుక్క వచ్చింది. విచారణ పెట్టారు. మళ్లీ ట్రైనింగ్‌కు కూర్చోబెట్టారు. మేడమ్ ఆ చుక్కను మైక్రోస్కోపు కింద చూపించి, “ఇది నీ చర్మం మీద ఉండేదే. అందరి చర్మం మీదా ఉంటుంది. గ్లవ్ ఎక్కడో చిరిగింది, నీ తప్పేం లేదు” అన్నారు. నేను సగమే విన్నాను. నా ఒంటి మీద పురుగులున్నాయన్న సంగతి ఊరందరికీ తెలిసిపోయినట్టు సిగ్గుపడ్డాను. బీఎస్సీ చదివినదాన్ని, నాకు తెలియనిదా? తెలుసు. పరీక్షలో రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాను. సిగ్గు మార్కులను పట్టించుకోదు.

మా లైనులో ఆడవాళ్ల మధ్య ఒక పద్ధతి నడిచేది. ఎవరు మొదలుపెట్టారో ఎవరూ చెప్పలేరు. నీళ్లలో పోస్తే పాలలా తెల్లబడే ఆ యాంటీసెప్టిక్ మందు ఉంటుంది కదా, దాన్ని స్నానం నీళ్లలో కలుపుకునేవాళ్లం. స్నానంతో ఆగితే బాగుండేది. రోజూ దాంతోనే కింద లోపలి దాకా కడుక్కునేవాళ్లం. గదిని మందుతో కడుగుతున్నాం, మెషిన్లను కడుగుతున్నాం, మనల్ని మనం కడుక్కోకపోతే ఎట్లా అని మా లెక్క. బట్టలు మార్చుకునే గదిలో ఒకరికొకరం చెప్పుకునేవాళ్లం, వంట చిట్కాలు చెప్పుకున్నట్టు. పెళ్లయ్యాక కూడా నేను ఆ అలవాటు మానలేదు. తెల్లబట్ట అవుతుంటే, వాసన వస్తుంటే, ఇంకాస్త ఎక్కువ మందు పోశాను.

మొదటి కడుపు మూడో నెల నిండకముందే పోయింది. రెండోది అయిదో నెలలో పోయింది. ఉమ్మనీరు ముందే పోయిందన్నారు. ఆ పొద్దు గురించి ఇంతకంటే రాయలేను. మా అత్తమ్మ నన్ను ఒక్క మాట కూడా అనలేదు. ఊళ్లోవాళ్లు అనబోతే వాళ్ల నోళ్లే మూయించింది. అయినా నాలో నేను మాత్రం రోజుకో కారణం పట్టుకుని కొట్టుకునేదాన్ని. మెట్లెక్కినందుకా, ఫ్యాక్టరీ గాలికా, బొప్పాయి ముక్కకా అని.

మూడోసారి నిలిచినప్పుడు ఎవరికీ చెప్పలేదు. చలికాలం. బయట పొగలూ మంచూ కలిసి ఏది ఏదో తెలియని పొద్దుటి పూట, ప్లేట్లు లెక్కపెట్టే వంకతో వెచ్చగా ఉంటుందని ఇంక్యుబేటర్ గదిలోకి దూరాను. వెనకే మేడమ్ వచ్చారు. తలుపు మూసుకుంది. ఆవిడ నా దగ్గరికి వచ్చి వాసన పట్టారు.

“ఏం వాడుతున్నావమ్మా నువ్వు?” అన్నారు తర్వాత.

“ఏం లేదు మేడమ్. సబ్బు.”

“సబ్బు వాసన నాకు తెలీదా? ఇది నేల తుడిచే మందు వాసన. ఎక్కడెక్కడ పోసుకుంటున్నావు?”

నేను తల వంచుకున్నాను. “అందరం గంతే మేడమ్. కింద గూడ. సాఫ్ ఉండాలె గదా.”

మేడమ్ కళ్లు పెద్దవయ్యాయి, తర్వాత చిన్నవయ్యాయి. స్టూలు లాక్కుని నా ఎదురుగా కూర్చున్నారు. చుట్టూ అరల నిండా మూతపెట్టిన ప్లేట్లు, గోరువెచ్చటి గాలి, మేత జెల్లీ వాసన. అక్కడ కూర్చుని ఆవిడ చెప్పింది నాకు మాట మాటా గుర్తుంది.

“యోనిలో సూక్ష్మజీవులు ఉంటాయి. ఉండాలి. లాక్టోబాసిల్లస్ అని చదివావు కదా, పెరుగును తోడుపెట్టే వాటికి దగ్గర చుట్టాలు. అవి అక్కడ పులుపు తయారుచేస్తూ ఉంటాయి. ఆ పులుపుకు వేరేవి దగ్గరికి రాలేవు. కడుపుతో ఉన్నప్పుడైతే అవి ఇంకా పెరుగుతాయి, ఒళ్లే వాటికి మేత వేసి పెంచుకుంటుంది. నువ్వు రోజూ మందు పోసి కాపలా ఉన్నవాళ్లను తరిమేస్తున్నావు. తర్వాత ఎవరొస్తే వాళ్లే. గది వేరు తల్లీ, మనిషి వేరు. గదిని ఖాళీగా ఉంచుతాం, మనిషిని ఖాళీ చేయకూడదు.”

తర్వాత గొంతు తగ్గించి, “ఎన్నో నెల?” అన్నారు. నేను చెప్పకుండానే ఎలా పసిగట్టారో. నేను వేళ్లు చూపించి ఏడ్చేశాను.

ఆ వారమే నన్ను తనే సర్కారు దవాఖానకు తీసుకెళ్లారు. డాక్టరమ్మ పరీక్ష చేసి, తడి కొంచెం తీసి స్లైడు మీద పెట్టి ల్యాబుకు పంపింది. మేడమ్ ఆ టెక్నీషియన్‌ను బతిమాలి తనూ మైక్రోస్కోపులో చూశారు. నేను గుమ్మంలో నిలబడ్డాను. ఆవిడ కన్ను తీయకుండా చాలాసేపు చూశారు. “లేవు,” అన్నారు చివరికి. జీవితమంతా మాకు ఊపిరి పోసిన మాట అది. ఆ రోజు మాత్రం అది మంచి మాట కాదు. ఉండాల్సినవి లేవు, ఉండకూడనివి గుంపులుగా ఉన్నాయట. డాక్టరమ్మ మాత్రలు రాసింది. “ఇన్‌ఫెక్షన్ తగ్గుతుంది. కాన్పు నెలలు నిండే దాకా ఆగుతుందని మాత్రం నేను మాట ఇవ్వలేను. ఆ మందు కడుగుడు బంద్ చెయ్. మంచినీళ్లు చాలు, అదీ పైపైనే” అంది.

తిరిగి వస్తూ షేర్ ఆటోలో మేడమ్‌ను అడగాల్సింది అడిగేశాను. “మేడమ్, నా వల్లనేనా? రెండు సార్లు పాయె. నా చేతులతోని నేనే జేసుకున్ననా?”

వేరే ఎవరైనా అయితే ఛ, అదేం లేదులే అనేవారు. మేడమ్ అలాంటి మనిషి కారు. ప్లేటు చెప్పనిది తను చెప్పనని మాకు రోజూ చెప్పేవారు.

“తెలీదు,” అన్నారు. “అయ్యుండొచ్చు. కాకపోవచ్చు. ఇలా ఉన్నవాళ్లలో కొందరికి ముందే నొప్పులొస్తాయి, ఉమ్మనీరు పోతుంది. చాలామందికి ఏమీ కాదు. నీకు ఎందుకైందో చెప్పే ప్లేటు ఎక్కడా లేదు.” తర్వాత ముఖం రోడ్డు వైపు తిప్పుకుని, మామూలు గొంతుతో అన్నారు. “నేనూ అదే మందు పోసుకున్నాను. ఏళ్ల తరబడి. మా రోజుల్లో వద్దనేవాళ్లే లేరు. నాకు ఏడో నెలలో పోయింది, ఆడపిల్ల. తర్వాత నిలవలేదు. ఎందుకో నాకూ తెలీదు. నేను తెలీకుండానే బతుకుతున్నాను కదా. నువ్వూ బతుకు. దెబ్బలేసుకోకు.”

ప్రభుత్వ కర్మాగారం క్వార్టర్లలో పెరిగిన మనిషి, కోస్తా నుంచి ఉద్యోగం కోసం వచ్చిన కుటుంబం, భర్త ఎప్పుడో పోయారు, పిల్లల్లేరు. మేడమ్ గురించి మాకు తెలిసింది అంతే. పిల్లల్లేరు అనే మాటను ఎంత తేలిగ్గా అనుకుంటూ వచ్చామో ఆ ఆటోలో అర్థమైంది. నేను ఆవిడ చేయి పట్టుకున్నాను. ఆవిడ తీసేసుకోలేదు. ఆ చలిగాలిలో నాకు ఎవరో దుప్పటి కప్పినట్టే అనిపించింది.

ఆ తర్వాతి నెల ట్రైనింగులో మేడమ్ మగవాళ్లందరినీ టీకి పంపేసి, తలుపు వేసి, ఆడవాళ్లతో మాట్లాడారు. నోరు తెరిచి “యోని” అనగానే వెనక బెంచీల్లో చున్నీలు నోళ్లకు అడ్డం వెళ్లాయి. ఒకమ్మాయి నవ్వు ఆపుకోలేక బల్ల కిందికి వంగింది. “ఆ మాట పుస్తకంలో ఉంది. నోట్లో ఎందుకు ఉండకూడదు?” అన్నారు మేడమ్. మళ్లీ అన్నారు, ఇంకా గట్టిగా. చెప్పాల్సింది చెప్పారు. అంతా అయ్యాక ప్యాకింగులో పనిచేసే మా రాజక్క లేచి, “అయితే మేడమ్, పెరుగు రాసుకోవాల్నా మరి?” అని అడిగింది.

మేడమ్ నెత్తిన చేయి పెట్టుకున్నారు. “తినండమ్మా తల్లీ! తినడానికి పెరుగు! రాయడానికి కాదు. తిన్నా అది నడుచుకుంటూ అక్కడికి పోదు. వాసనొచ్చినా, దురద వచ్చినా, సిగ్గుపడకుండా డాక్టర్ దగ్గరికి వెళ్లండి. ఏమీ లేకపోతే దాన్ని దాని మానాన వదిలేయండి.”

“గింతేనా? గీ ముచ్చట ముందుగాల్నే చెప్తే ఎంత మందు మిగిలేది!” అంది రాజక్క. అందరం నవ్వాం. మేడమ్ కూడా నవ్వారు, కళ్ల చివర.

మాత్రలు అయిపోయాక మళ్లీ పరీక్షకు వెళ్లాం. డాక్టరమ్మ ఇంకొన్నాళ్లు ఆగి రమ్మంది. ఆగి వెళ్లాం. అయిదో నెల నడుస్తోంది, నేను రాత్రిళ్లు పొట్ట మీద చేయి వేసుకుని ఊపిరి కూడా మెల్లగా తీసుకుంటున్న రోజులు. ఫ్యాక్టరీలో అందరూ నా పక్కనుంచి ఆ గదిలో నడిచినట్టే మెల్లగా నడిచేవారు. దవాఖాన వరండాలో బల్ల మీద కూర్చున్నాను. మేడమ్ లోపల మైక్రోస్కోపు దగ్గర ఉన్నారు. పక్కన ఎవరిదో పసిబిడ్డ ఏడుస్తోంది, బయట ఎవరో బత్తాయిలు అమ్ముతున్నారు.

“ఉన్నాయి!”

గొంతు ఎవరిదో ముందు నాకు తెలియలేదు. మేడమ్ అరవగా నేనెప్పుడూ వినలేదు. “ఉన్నాయే! వచ్చాయి! పొడుగ్గా, కడ్డీల్లాగా, ఎన్నున్నాయో!” ఆవిడ గుమ్మంలోకి పరుగెత్తుకొచ్చారు. నేనెరిగి ఆవిడ గబగబా కదలడం అదొక్కసారే. టెక్నీషియన్ భయపడి లేచి నిలబడ్డాడు. వరండాలో ఉన్నవాళ్లంతా తిరిగి చూశారు. “ఏమున్నయమ్మా?” అని పక్కావిడ అడిగింది. మేడమ్ ఆవిడ రెండు చేతులూ పట్టుకుని, “చుట్టాలమ్మా, మా పిల్ల చుట్టాలు” అన్నారు. ఆవిడకేం అర్థమైందో, సంతోషంగా తలూపింది.

అయిదో నెల దాటింది. ఏడో నెల వచ్చినప్పుడు మేడమ్ నాతో తక్కువ మాట్లాడారు. ల్యాబులో ఏ పనీ ముట్టుకోనివ్వలేదు, ఊరికే కూర్చోబెట్టేవారు. ఆ నెల దాటిన రోజు నా టిఫిన్ డబ్బాలో రెండు బెల్లం గవ్వలు, ఒక కాజా పెట్టి వెళ్లారు, ఎందుకని నేను అడగలేదు, ఆవిడ చెప్పలేదు. అలాగే రోజులు లెక్కపెట్టుకున్నాం, నేనూ ఆవిడా, తొమ్మిదో నెల దాకా. ఇప్పుడు తలుచుకుంటే ఆ రోజులన్నీ మంచులో తోవ నడిచినట్టే ఉన్నాయి, ముందు అడుగు పడేంత మేరే కనబడేది.

నెలలు నిండాయి. తెల్లారుజామున నొప్పులు మొదలై, ఎండ వచ్చేసరికి పాప పుట్టింది, మామూలు కాన్పు. ఒళ్లంతా వెన్న పూసినట్టు తెల్లటి పూతతో ఉంది. నా ఛాతీ మీద పడుకోబెట్టారు. కాసేపటికి మా అత్తమ్మ వేడినీళ్ల సంగతి అడగడం మొదలుపెట్టింది.

“గిదేందమ్మా, పోరికి గిట్ల జిగటజిగట ఉన్నది. జెర కడుగుదాం.”

అప్పుడే మేడమ్ వచ్చారు. షిఫ్టుకు వెళ్లాల్సిన మనిషి, ఫ్యాక్టరీ బస్సు దిగిపోయి ఇటు వచ్చారు. మాస్కు లేదు. “ఇవాళ్టికి కడగొద్దమ్మా. అది పాపకు దుప్పటి. వచ్చే దారిలో వాళ్లమ్మ దగ్గర్నుంచి ఎన్నో తెచ్చుకుంది, వాటినీ ఉండనివ్వండి” అన్నారు. అత్తమ్మ నర్సు వైపు చూసింది. నర్సూ అదే మాట అంది. అత్తమ్మ గొణుక్కుంటూ చెంబు మంచం కిందికి తోసింది.

మేడమ్ సబ్బుతో చేతులు కడుక్కొచ్చారు. పాపను ఎత్తుకోమంటే వద్దన్నారు. మంచం పక్కన నిలబడి చాలాసేపు చూశారు. “వాసన చూడనా?” అని నన్నడిగారు. ల్యాబులో ఏ ప్లేటునూ వాసన చూడకూడదని మాకు నేర్పిన మనిషి. నేను తలూపాను. ఆవిడ వంగి, పాప మాడు మీద ముఖం పెట్టి, కళ్లు మూసుకున్నారు. ఎంతసేపున్నారో తెలియదు.

తల ఎత్తేసరికి ముక్కు కొస మీదా, పై పెదవి మీదా ఆ తెల్లటి పూత అంటుకుని ఉంది. అత్తమ్మ గబగబా కొంగు అందించింది. “మేడమ్, మూతికి అంటింది సూడుండ్రి, తుడుసుకోండ్రి.”

“ఉండనివ్వండమ్మా,” అన్నారు మేడమ్.

నా మంచం కిటికీ పక్కన ఉంది. ఆవిడ గేటు దాటి, హైవే పక్కన ఎండలో ఆటో కోసం నిలబడటం చూశాను. లారీలు దుమ్ము లేపుకుంటూ పోతున్నాయి. ఆటో వచ్చింది. ఎక్కి చివర్న కూర్చున్నారు. ఏమనుకున్నారో, కుడి చేయి ముఖం దాకా లేచింది. అక్కడే కాసేపు ఆగి, దేన్నీ తాకకుండా మళ్లీ ఒళ్లోకి దిగింది.